బురదలోని చిన్న పనివాడు



పొలములో వానపాము చేయు మేలును మనమెరుగుదుము. సముద్రతీరపు బురదను అట్లే గుల్లపరచు మరియొక చిన్న ప్రాణినిగూర్చి ఈ మాసము తెలిసికొందము.

దాని శాస్త్రీయ నామము కొరోఫియం వోల్యుటేటర్. 1766లో పల్లాస్ అను శాస్త్రజ్ఞుడు దానిని వర్ణించెను. ఇది రొయ్యకు దూరపు చుట్టము. నిడివి సుమారు ఒక సెంటీమీటరు. ఐరోపా తీరములందును, కెనడా దేశపు ఫండీ అఖాతమందును నివసించును.

ఆ అఖాతపు కొనయందు పోటుకును ఆటుకును నడుమ నీటిమట్టము 16 మీటర్ల వరకు మారును. నీరు తీయగానే విశాలమైన బురద మేటలు బయటపడును. అందులో ఈ ప్రాణి గుర్రపు లాడమువలె వంగిన బొరియ చేసికొని, పొడవైన మీసములతో పైబురదను లోనికి లాగి, అందలి కంటికానని నాచును, సూక్ష్మజీవులను తినును. తల్లి తన గ్రుడ్లను పొట్టక్రింది సంచిలో మోయును. ఒక చదరపు మీటరులో ఇవి పదివేలకు మించి ఉండుటయు కలదు.

జూలై, ఆగస్టు నెలలలో ఉత్తర ధ్రువప్రాంతమునుండి ఉల్లంకి జాతి చిన్న పిట్టలు లక్షలకొలది అచ్చట దిగును. వాటికి ముఖ్యాహారము ఈ ప్రాణియే. సుమారు 20 గ్రాముల బరువుతో వచ్చిన పిట్ట, రెండు మూడు వారములలో 40 గ్రాములగును. ఆ క్రొవ్వే దాని దారిబత్తెము. పిమ్మట ఎక్కడను దిగక, సముద్రముమీదుగా దాదాపు 4,000 కిలోమీటర్లు ఎగిరి దక్షిణ అమెరికా చేరును.

పోటువేళ ఈ పిట్టలు ఒడ్డున గుంపులుగా విశ్రమించును. మనుష్యులుగాని కుక్కలుగాని మాటిమాటికి లేపినయెడల, కూడబెట్టిన బలము వ్యర్థమగును. అది చాలనియెడల నడిసముద్రమున వాటికి దిక్కులేదు. ఇటీవలి దశాబ్దములలో వీటి సంఖ్యయు తగ్గినది. అందుచేత న్యూబ్రన్స్‌విక్ రాష్ట్రమందలి జాన్సన్స్ మిల్స్ తీరమున, చూడవచ్చువారిని దూరముగా నిలిపి, పిట్టల విశ్రాంతిని కాపాడుచున్నారు.

పిట్ట ఎగురుట అందరును చూతురు. దానికి బలమిచ్చిన బురదప్రాణిని తలంచువారు అరుదు. మన సంఘములోను తెల్లవారకముందే గుడి ఊడ్చు అవ్వ, పండుగనాడు నీళ్లు మోయు పిల్లవాడు ఉన్నారు. పాటలు పాడినవారిని మెచ్చుకొని, వీరిని మరచుచున్నాము. ఇది మన లోపమే.

ఆలోచించుడి:
1. ఈ దినము మనము తిన్న అన్నము వెనుక ఎవరెవరి కష్టమున్నది?
2. అలసి విశ్రమించు ప్రాణిని వినోదమునకై ఎప్పుడైన తరిమితిమా?
3. వచ్చే ఆదివారము ఎవరికి మనము కృతజ్ఞత చెప్పవలెను?