లీలాభినయము – ప్రేక్షకధర్మము

శ్రీమన్నారాయణుని కల్యాణగుణములను వినుట శ్రవణము, పాడుట కీర్తనము, తలచుట స్మరణము. నవవిధభక్తులలో ఈ మూడును మొదటివి. శాస్త్రములు చదువని సామాన్యునకు ఈ మూడును ఒక్క రాత్రిలో, ఒక్క తావున లభించుటకు మన పెద్దలు ఏర్పరచిన సాధనము భగవత్కథానాటకము. దానిని చూచుటలో ప్రేక్షకునకును ఒక ధర్మము కలదు. ఆ ధర్మమును విచారించుటయే ఈ వ్యాసమునకు విషయము.

దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్.బి. నగర్ కాలనీలవారు కొందరు నా భాగవతపాఠమునకు వచ్చుచుందురు. వారిలో ఒక గృహిణి తన సందేహమును ఇట్లు విన్నవించినది. వారి కుటుంబము ఎల్.బి. నగరున మెట్రో రైలెక్కి, లక్డీకాపూల్ వద్ద దిగి, రవీంద్రభారతిలో సురభివారి ‘మాయాబజార్’ నాటకమును చూడబోయిరి. శ్రీకృష్ణపాత్రధారి రంగముమీదికి రాగానే ఆమె అత్తగారు లేచి నిలిచి చేతులు జోడించిరి. ప్రక్కనున్న పదేండ్ల మనుమడు నవ్వి, “నానమ్మా, ఇందాక ఆయన బయట టీ తాగుతుంటే చూశాను. ఆయన కృష్ణుడేమిటి?” అన్నాడట. ఆ పెద్దావిడ చేతులు దించి కూర్చుండి, నాటకము ముగియువరకు మరల మాటాడలేదట. “పంతులుగారూ, అత్తయ్య చేసింది తప్పా? పిల్లవాడికి మేమేమి చెప్పాలి?” అని ఆమె ప్రశ్న.

ఇది చిన్న ప్రశ్న కాదు. నమస్కారము ఎవరికి చెందును అను విచారము ఇందులో ఇమిడియున్నది.

మొదట ఆ నాటకసమాజమును గూర్చి తెలిసికొందము. కడప జిల్లాలోని సురభి గ్రామమున 1885లో వనారస గోవిందరావుగారు ‘కీచకవధ’ను ప్రదర్శించిరి. వారి పూర్వులు తోలుబొమ్మలాట ఆడించు మరాఠీ కుటుంబములవారు. తోలుబొమ్మకు బదులు తామే వేషము కట్టి తెర ముందునకు వచ్చిరి. ఆ గ్రామనామమే సమాజనామమైనది. స్త్రీపాత్రలను పురుషులే ధరించు ఆ కాలమున, వీరి కుటుంబములందు స్త్రీలే ఆ పాత్రలను ధరించిరి. పూర్వము వీరు ఒక ఊరిలో డేరా వేసినచో వారముల తరబడి దినమునకొక నాటకము ఆడెడివారు. శ్రీకృష్ణలీలలు, భక్తప్రహ్లాద, లవకుశ, మాయాబజార్, వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర, నడుమ బాలనాగమ్మ, పాతాళభైరవి వంటి జానపదకథలు వారి క్రమము. తెరలు చిత్రించువారు, తీగలు లాగువారు, హార్మోనియము వాయించువారు, వేషము కట్టువారు, అందరును ఆ ఇంటివారే.

ఒకప్పుడు ముప్పదికి పైగా నుండిన సురభి సమాజములు నేడు వ్రేళ్ళపై లెక్కింపదగినన్ని మాత్రమే మిగిలినవి. అందొకటి శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి. స్వామివారి పేరు ధరించిన ఈ మండలివారు నగరమునకు పడమటనున్న శేరిలింగంపల్లిలో స్థిరపడిరి. దీనికి సారథ్యము వహించిన రేకందార్ నాగేశ్వరరావుగారికి 2013లో పద్మశ్రీ లభించినది.

ఇక శాస్త్రవిచారము. మనుస్మృతి నటుని అన్నము భుజింపరాదనియు, అతనిని సాక్షిగా పిలువరాదనియు చెప్పినది. అచ్చట నటునకు వాడిన పదములలో ‘కుశీలవ’ యనునది యొకటి. శ్రీరాముని సభలో రామాయణమును గానము చేసి, ఇచ్చిన బంగారమును వలదన్న బాలుర పేర్లు కుశలవులు! ఒక్క పదమే అచ్చట నిషేధమునకును, ఇచ్చట ఆదరమునకును స్థానమైనది. కావున నిషేధము వృత్తిలోని దోషమునకే గాని భగవత్కథాభినయమునకు కాదని నా సమన్వయము. దీనికి బలమైన ప్రమాణము శ్రీమద్భాగవతమున కలదు. ఏకాదశస్కంధమున భగవానుడు ఉద్ధవునకు తన ఆరాధనావిధిని ఉపదేశించుచు, తన కథలను పాడుటతోను వినుటతోను పాటు, తన చేష్టితములను అభినయించుటను గూడ చేర్చినాడు. దశమస్కంధమున కృష్ణుడు కనబడక విరహమున తిరుగు గోపికలు చేసినదియు ఇదియే. ఒకతె పూతన యైనది, వేరొకతె కృష్ణుడైనది. స్వామి మరల దర్శనమిచ్చుటకు ముందు వారు ఆడిన నాటకమది.

ఈ ప్రమాణములన్నియు నాకు పాఠశాలలోనే కంఠస్థములు. అయినను నలుబది యేండ్ల క్రిందట నేను చేసిన ఒక అపరాధమును ఇచ్చట చెప్పక తప్పదు. అప్పుడు నేనున్న ఊరిలో ఒక నాటకసమాజము డేరా వేసినది. హిరణ్యకశిపుని వేషము కట్టు నటుడొకడు ఒక ఉదయమున అరటిపండ్లు, తమలపాకులు తీసికొని మా ఇంటికి వచ్చెను. తన పాత్రలోని ఒక సంస్కృతశ్లోకమును తాను సరిగా పలుకుచున్నానో లేదో యని అతని భయము. “కొంచెం దిద్దండి, స్వామీ” అని ప్రాధేయపడెను. నేను గడపలోననే నిలిచి, స్మృతివాక్యమును మనసున నిడుకొని, పండ్లు తాకక అతనిని పంపివేసితిని. అతడు నమస్కరించి వెడలెను. ఆ రాత్రి గాలివాటున ఆ శ్లోకము మా అరుగువరకు వినబడినది. తప్పుతోనే వినబడినది. ఆ తప్పునకు బాధ్యుడను నేనే.

వరాహపురాణములోని కైశికమాహాత్మ్యమును చదివినప్పుడెల్ల నాకు ఆ నటుడు జ్ఞప్తికి వచ్చును. తిరుక్కురుంగుడి స్వామిని పాటతో సేవించు నంపాడువాన్ లోకము నీచమనుకొన్న కులమున పుట్టినవాడు. ఏకాదశీ జాగరణమునకు పోవుచుండగా ఒక బ్రహ్మరాక్షసుడు అతనిని పట్టుకొనెను. పాడి తిరిగి వచ్చెదనని ప్రమాణము చేసి, ఆ మాట నిలుపుకొని, చివరకు కైశికరాగమున పాడిన తన పాట ఫలమును ధారవోసి వానిని విముక్తుని చేసెను. ఆ రాక్షసుడు పూర్వజన్మమున సోమశర్మ యను బ్రాహ్మణుడు, యజ్ఞమును తప్పుగా చేయించినవాడు. మంత్రము చదివినవానిని పాట పాడినవాడు ఉద్ధరించెను. కైశికద్వాదశినాడు తిరుమలలో ఉగ్రశ్రీనివాసమూర్తి సూర్యోదయమునకు ముందే ఊరేగుట భక్తులెరుగుదురు. తిరుక్కురుంగుడిలో ఈ కథనే నాటకముగా ఆలయమంటపమున ఆడుదురు. నిలిచిపోయిన ఆ సంప్రదాయము 1999లో పునరుద్ధరింపబడినది.

ఇప్పుడు ఆ గృహిణి ప్రశ్నకు సమాధానము. పాంచరాత్రము భగవానుని పర, వ్యూహ, విభవ, అంతర్యామి, అర్చా రూపములుగా ఐదు విధముల చెప్పినది. ప్రతిష్ఠ లేనిదే అర్చ లేదు. కావున వేషధారి అర్చామూర్తి కాడు. అతనికి హారతి ఇచ్చుట, పాదతీర్థము గ్రహించుట విధి కాదు. అయితే ఆ పెద్దావిడ చేసినది అంజలి. ఎవడైనను, ఎప్పుడైనను, ఎట్లైనను ఒక్కసారి స్వామికి చేసిన అంజలి పాపములను మిగులనీయదని ఆళవందార్లు స్తోత్రరత్నమున సెలవిచ్చిరి. ఆమె అంజలి వేషమును దాటి, వేషము ఎవరిని స్మరింపజేసెనో ఆ స్వామికే చేరినది. కులశేఖరాళ్వారు రామకథ వినుచు, ఖరుని సేనను రాముడొక్కడే ఎదిరించుచున్నాడని విని, తన సైన్యమునకు సన్నద్ధము కమ్మని ఆజ్ఞాపించిరి గదా! అది భ్రాంతి యని ఏ ఆచార్యుడును నిందింపలేదు.

బాలునకు ఇట్లు చెప్పవలెను: “నాయనా, నీవు చూచినది నటుని. నానమ్మ చూచినది ఆ నటుడు చూపినవానిని. నీ చూపు అబద్ధము కాదు, ఆమె నమస్కారమును అబద్ధము కాదు.” శశిరేఖాభిమన్యుల పెండ్లికథ వ్యాసభారతమున లేదనియు, అది తెలుగువారు ప్రేమతో పెంచుకొన్న కథయనియు గూడ వానికి చెప్పవచ్చును. నిజము చెప్పినంత మాత్రమున భక్తి చెడదు.

ఇక ప్రేక్షకధర్మము. నాటకమునకు పోవుటకు ముందు ఆ కథను పిల్లలకు చెప్పవలెను. ఉచితప్రవేశము కోరక టిక్కెట్టు కొనవలెను. ఆ రూకలే ఆ కుటుంబములకు జీవనాధారము. తీగ కనబడినను, తెర తడబడినను పరిహసింపరాదు. నాటకానంతరము నటులకు ఒక మంచిమాట చెప్పవలెను. మన ప్రాంతమున కొత్తపేట అష్టలక్ష్మీ ఆలయమునకును, కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి సన్నిధికిని వచ్చు భక్తులకు కొదువ లేదు. శ్రీరామనవమి పందిళ్ళకును కొదువ లేదు. ఆ పందిళ్ళలో రాత్రియంతయు సినిమాపాటలు మ్రోగించు వ్యయముతో, నాలుగు కాలనీలవారు కలిసి ఒక రాత్రి ఒక నాటకసమాజమును పిలిపింపవచ్చును. మిగిలిన కొద్ది సమాజములును అంతరించిన పిమ్మట చింతించి ప్రయోజనము లేదు.

ఆ పెద్దావిడ మరల నాటకమునకు పోయి, సంకోచింపక చేతులు జోడించెదరని నా విశ్వాసము. నా గడపనుండి వెనుదిరిగిన ఆ నటుడు ఎచ్చటనున్నను అతనికి నా అంజలి. లీలామానుషవిగ్రహుడైన శ్రీనివాసుడు ఆడువారిని, చూచువారిని, ఆలస్యముగా కన్నులు తెరచిన ఈ పండితుని గూడ అనుగ్రహించుగాక!