పాత మోటర్‌హోమ్ కొనేముందు పైకప్పు చూడండి

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. 20 వేల డాలర్లలో వాడిన మోటర్‌హోమ్ కొనాలనుకుంటున్నాం. తక్కువ మైళ్లు తిరిగిన పాత బండి తీసుకోవచ్చా?

జవాబు: మైళ్లు చూసి మురిసిపోకండి. ఈ బండ్లకు అసలు శత్రువు నీళ్లు. పైకప్పు అతుకుల మీది సీలెంట్ ఎండి పగిలితే వాననీరు గోడల్లోకి దిగి లోపలి చెక్కను కుళ్లబెడుతుంది. ఆ మరమ్మతు ఖర్చు ఒక్కోసారి బండి ధరనే మించిపోతుంది.

బండి చూడటానికి వాన పడిన మర్నాడు వెళ్లండి. అలమరాల మూలలు, కిటికీల కింది భాగం చేత్తో నొక్కండి. మెత్తగా తగిలినా, ముక్కిపోయిన వాసన వచ్చినా, బయటి గోడ ఉబ్బినా ఎంత చవకైనా వదిలేయండి.

టైర్ల వయసూ చూడండి. టైరు మీది డాట్ కోడ్‌లో చివరి నాలుగంకెలు తయారైన వారం, ఏడాది. 2316 అంటే 2016లో 23వ వారం. అంత పాతవైతే అరగకపోయినా మార్చాల్సిందే, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.

అడ్వాన్స్ ఇచ్చేముందు అమ్మేవారితో సంబంధంలేని ఆర్‌వీ (మోటర్‌హోమ్) ఇన్‌స్పెక్టర్‌కు చూపించండి. లోపల గ్యాస్ వాసన వస్తే మాత్రం ఏ స్విచ్చీ ముట్టుకోకుండా బయటికొచ్చి, టెక్నీషియన్‌ను పిలిపించండి.