ఓటమినాటి పలకరింపు

ప్రశ్న: మా కుర్రవాళ్ళు ఫుట్‌బాల్ జట్టు కట్టి ఫేస్‌బుక్‌లో పేజీ తెరిచారు. పెద్ద జట్లు అందులో అభిమానులను ఎలా నిలుపుకొంటున్నాయి?
— ఒక పాఠకుడు, కదమా, జంషెడ్‌పూర్

జవాబు: ఇందుకు దృష్టాంతము మీ యూరనే యున్నది. 2017లో టాటా స్టీల్ స్థాపించిన జంషెడ్‌పూర్ ఎఫ్.సి., కరోనా కారణమున రెండు సీజన్లపాటు తన లీగ్ మ్యాచ్‌లన్నింటిని గోవాలోనే ఆడవలసి వచ్చినప్పుడు, ‘ఫర్నేస్’ అని అభిమానులు పిలుచుకొను జె.ఆర్.డి. టాటా మైదానము మూగవోయినది. 2022 మార్చి 7న రిత్విక్ దాస్ గోలుతో ఏటీకే మోహన్ బగాన్‌ను 1-0తో ఓడించి లీగ్ షీల్డును గెలిచిన మహత్తర క్షణమున గ్యాలరీలు శూన్యములు. మీ యూరివారికి ఆ యానందము టీవీ, ఫోన్ తెరల మీదనే లభ్యమైనది. అట్టి వేళ జట్టు పేజీ కేవల ప్రకటన ఫలకము గాక, అభిమానికి మిగిలిన ఏకైక ద్వారమగును.

ఆట ఆరంభమునకు సుమారు గంట ముందు వెలువడు ఆటగాళ్ళ జాబితా, సాధన దృశ్యములు, జంషెడ్‌పూర్ జట్టువారి ‘జమ్ కే ఖేలో’ వంటి స్థిరమైన నినాదము, ఇవి యెల్ల జట్లును చేయునవే. నా దృష్టిలో వీనికంటె ముఖ్యమైనది ఓటమినాటి ప్రవర్తన: గెలిచిననాడు పది చిత్రములు పెట్టి, ఓడిననాడు మౌనము దాల్చు పేజీని అభిమాని విశ్వసింపడు. స్కోరును దాచక చెప్పుడు. కోపముతో వ్రాసినవారికి సైతము మర్యాదగా బదులిండు. హిందీతోపాటు తెలుగు, బెంగాలీ, సంతాలీలలోను రెండేసి వాక్యములు వ్రాయుడు. గట్టున నిలిచి చూచువారు తీసిన ఫోటోలను, వారి యనుమతితో, వారి పేరుతోనే ప్రచురింపుడు.