గోదాములలో స్ప్రింక్లరులు: వాని తనిఖీ, సంరక్షణ

సంఘసభ్యులగు రైతులు పెక్కుమంది తమ ప్రత్తిని, మిరపను, ధాన్యమును గోదాములయందు నిలువచేసి వానిపై ఋణము పొందుచున్నారు. ఒక సంవత్సరపు కష్టఫలమంతయు నొక్క కప్పు క్రింద నుండును. అచ్చట నిప్పు పుట్టినచో నార్పుటకై పెద్ద గోదాములలోను, మిల్లులలోను, వ్యాపార భవనములలోను పైకప్పు క్రింద నీటి గొట్టములను, వానికి స్ప్రింక్లరులను అమర్చుచున్నారు. అమర్చినంతమాత్రమున రక్షణ కలుగదు. వానిని కనిపెట్టియుండు విధమును ఈ పాఠమున తెలుపుచున్నాము.

పనిచేయు విధము

అమెరికాలోని న్యూహేవెను పట్టణమున హెన్రీ పార్మెలీ యనునతడు తన పియానో కర్మాగారమును కాపాడుకొనుటకై 1874లో స్ప్రింక్లరులను అమర్చెను. నేటి స్ప్రింక్లరు మూతిని సాధారణముగా నొక చిన్న గాజుబుడ్డి మూసియుంచును. అందలి ద్రవము వేడికి పొంగి బుడ్డిని పగులగొట్టగా నీరు చిమ్మును. ఎఱ్ఱబుడ్డి 68 డిగ్రీల సెంటిగ్రేడున, పసుపుపచ్చది 79 డిగ్రీలవద్ద, ఆకుపచ్చది 93 డిగ్రీలవద్ద పగులును. పొగవలన పగులదు. ఒకటి పగిలిన నన్నియు పగిలి సరకంతయు తడియునని కొందఱు భయపడుదురు. అది సరికాదు. వేడి తగిలినవి మాత్రమే తెఱచుకొనును.

ముఖ్యమైన లోపము

అగ్నిప్రమాద సమయమున స్ప్రింక్లరులు పనిచేయకపోవుటకు అన్నిటికంటె తఱచుగా కనబడు కారణము నీటి వాల్వు మూసియుండుటయే. మరమ్మతునకై మూసినవారు మరల తెఱచుట మఱతురు. చెఱువు నిండియున్నను తూము మూసియున్నచో మడికి నీరెట్లు వచ్చును?

తనిఖీ క్రమము

1. వారమునకొకసారి: వాల్వు పూర్తిగా తెఱచియున్నదా, దానికి గొలుసు, తాళము ఉన్నవా చూడవలెను. గేజిలోని ఒత్తిడిని, తొట్టిలోని నీటిమట్టమును వ్రాసికొనవలెను. డీజిలు పంపును 30 నిమిషములు నడిపి, నూనెను, బ్యాటరీని పరీక్షింపవలెను.

2. మూడు నెలలకొకసారి: గొట్టముల చివరనున్న పరీక్ష కొళాయిని తెఱవవలెను. ఒక స్ప్రింక్లరునుండి వచ్చునంత నీరు పాఱి, హెచ్చరిక గంట మ్రోగవలెను.

3. సంవత్సరమునకొకసారి: నిపుణునిచే ప్రధానపు డ్రెయిను కొళాయిని పూర్తిగా తెఱపించి, నీరు పాఱునపుడు గేజి చూపు అంకెను వెనుకటి యేటి అంకెతో పోల్చవలెను. మిక్కిలి తగ్గినచో నెచ్చటనో వాల్వు సగము మూసియున్నదనియో, గొట్టము పూడినదనియో అనుమానింపవలెను.

గోదాములో జాగ్రత్తలు

బస్తాలను, బేళ్లను స్ప్రింక్లరునకు కనీస మొకటిన్నర అడుగు క్రిందనే ఆపవలెను. అంతకు మించి పేర్చినచో నీరు విచ్చుకొని పడదు. పండుగలకు సున్నము, రంగు వేయునపుడు బుడ్డిపై పడనీయరాదు. రంగు పడినదానిని గీకి శుభ్రపఱచుట తగదు, క్రొత్తది వేయవలెను. అందుకై అదే రకపు స్ప్రింక్లరులు కొన్నిటిని, వానిని బిగించు రెంచిని సిద్ధముగా నుంచవలెను. గొట్టములకు త్రాళ్లుగాని తోరణములుగాని కట్టరాదు.

మరమ్మతునకై వాల్వు మూయవలసివచ్చినచో దానికి ఎఱ్ఱచీటి కట్టి, కావలివానికి తెలిపి, పని ముగియువఱకు వెల్డింగు మొదలగు నిప్పుపనులను ఆపవలెను. మూసినవాని పేరును, మూసిన వేళను, తెఱచిన వేళను పుస్తకమున వ్రాయవలెను.

ప్రమాదము సంభవించినచో వెంటనే 101 సంఖ్యకు టెలిఫోను చేయవలెను. మంట కనబడకపోయినను అగ్నిమాపకదళము వారు చెప్పువఱకు నీటి నాపరాదు. ప్రత్తి బేలు లోపల నిప్పు చాలసేపు దాగియుండి మరల రాజుకొనును.

ఈ పనులలో పెక్కింటికి గొప్ప విద్య యక్కఱలేదు. ఒక పుస్తకము, ఒక బాధ్యుడు, వారమున కొక గంట చాలును. తమ సరకున్న గోదాము తనిఖీ పుస్తకమును చూపుమని యడుగుట సభ్యులకు తగిన పని. పాలకవర్గమువారును ప్రతి నెల సమావేశమున దానిని చదివించి సంతకము చేయుదురుగాక యని కోరుచున్నాము.