తెలుఁగు అచ్చక్షరములు

గూడెం కొత్తవీధి ప్రాంతపు పిల్లలలో ననేకులకు ఇంటిభాష కువి గాని ఆదివాసీ ఒడియా గాని యగుటచే, తెలుఁగును బడిలోనే నేర్వవలసియున్నది. ఇట్టివారు తెలియని పదమును ఊహించి చదువఁజాలరు; కంటికిఁ గనఁబడు అక్షరమునే నమ్మవలెను. కావున అచ్చక్షరముల ఎన్నికను అలంకారమాత్రముగా మేము తలంపము.

1747 ప్రాంతముననే జర్మనీయందలి హాలే పట్టణమున బెంజమిన్ షుల్ట్జ్ తెలుఁగు పుస్తకముల నచ్చొత్తించెను. మన లిపికిఁ గల చిక్కు నాఁటికిని నేఁటికిని ఒక్కటియే. ‘వ’కారమునకు తలకట్టు అంటియుండును, ‘ప’కారమునకు విడిగా నుండును. సిరా పూసుకొని ఆ సందు పూడినచో ‘పాలు’ ‘వాలు’ అగును. క్రింది వత్తుగీఁత పడనియెడల ‘ధార’ ‘దార’ యగును. (నీటిధార భార్యగా మారుట నవ్వు పుట్టించునే గాని, పరీక్షలో మార్కు పోవును.) ‘రాష్ట్రము’ వంటి పదమున వత్తులు ఒకదాని క్రింద నొకటి దిగును గనుక, పంక్తుల నడుమ ఎడము మిక్కిలిగా నుండవలెను. ఇంగ్లీషు పుటకుఁ జాలిన ఎడము తెలుఁగునకుఁ జాలదు.

కంప్యూటరునందును, ఫోను తెరమీఁదను ఇదియే న్యాయము. రామభద్ర వంటి లావక్షరములు శీర్షికలకుఁ దగును. పాఠమంతయు వానితో నింపిన కన్నులు అలయును. పాఠమునకు మండలి, నోటో వంటివి మేలని మా యభిప్రాయము.

తల్లిదండ్రులారా, పుస్తకము కొనునప్పుడు మబ్బు పట్టిన సాయంకాలమున కిటికీకడ దానిని విప్పి, పిల్లవానిచేత ప, వ, ష, ద, ధ, బ, భ గల పదములను చదివింపుఁడు. వాఁడు పుస్తకమును ముక్కుదాఁక తెచ్చుకొనెనేని, మఱియొక ముద్రణ నడుగుఁడు.