గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?



నేడు కంప్యూటర్ కోర్సు చదివే చాలామంది చివరి సంవత్సరం ప్రాజెక్టుగా వెబ్‌సైట్ తయారు చేస్తున్నారు. చిన్న సైట్‌ను కూడా పెద్ద యంత్రంలా కట్టడం ఈ రంగంలో మామూలైపోయింది. దీనికి కారణాలేమిటో మాకు తెలిసినంతవరకు మీకు వివరించదలచాము.

1991లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనా సంస్థ నుండి టిమ్ బెర్నర్స్-లీ లోకానికి అందించిన మొదటి వెబ్‌సైట్‌లో ఉన్నవి అక్షరాలు, లింకులే. దాని ప్రతి నేటి సెల్‌ఫోన్‌లోనూ తెరుచుకుంటుంది. మన హాస్టల్ మెనూ, నోటీసులు, పూర్వ విద్యార్థుల పేర్లు చూపించాలన్నా హెచ్.టి.ఎం.ఎల్., కొంచెం సి.ఎస్.ఎస్. చాలు. మరి గొడ్డలి ఎందుకు ఎత్తుతున్నారు?

మొదటిది అనుకరణ. రియాక్ట్‌ను ఫేస్‌బుక్ సంస్థ 2013లో విడుదల చేసింది. క్షణక్షణం మారే తెరల కోసం అది పుట్టింది. ఏడాదికోసారి మారే నాలుగు పేజీలకు దానితో పనిలేదు.

రెండవది ఉద్యోగ భయం. ప్రకటనల్లో అడిగే పేర్లన్నీ బయోడేటాలో ఉండాలని ప్రాజెక్టులో కుక్కుతారు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన మనలాంటివారికి ఈ భయం మరీ ఎక్కువ.

మూడవది, "రేపు లక్షమంది వస్తే?" అనే ఊహ. వచ్చేది వందమందే కావచ్చు!

ఇందువల్ల నష్టాలు రెండు. ఒకటి, ఇతరులు రాసిన కోడ్‌పై ఆధారపడటం. 2016 మార్చిలో లెఫ్ట్-ప్యాడ్ అనే 11 లైన్ల కోడ్‌ను దాని రచయిత ఒక వివాదం కారణంగా తొలగించగా, ప్రపంచవ్యాప్తంగా వేలాది ప్రాజెక్టుల తయారీ కొద్దిసేపు ఆగిపోయింది. పదానికి ఎడమవైపు ఖాళీలో, సున్నాలో చేర్చడమే అది చేసే పని!

రెండవ నష్టం మనవాళ్ళది. మామూలు పేజీలో అక్షరాలు అందినకొద్దీ కనిపిస్తాయి. బరువైన సైట్‌లో జావాస్క్రిప్ట్ అంతా దిగేవరకు తెర తెల్లగానే ఉండవచ్చు. స్కాలర్‌షిప్ చివరి తేదీన, సిగ్నల్ సరిగా లేని ఊళ్ళో, పాత ఫోన్ పట్టుకున్న చెల్లెలికి ఆ ఆలస్యం ఎంత బరువో మనకంటే బాగా ఎవరికి తెలుసు?

అలాగని పెద్ద పనిముట్లు వద్దని మేము అనడం లేదు. రైలు టికెట్ల బుకింగ్ వంటి వాటికి డేటాబేస్, సర్వర్ తప్పనిసరి. కనుక పని మొదలుపెట్టే ముందు మూడు ప్రశ్నలు వేసుకుందాం: చూసేది ఎవరు? ఎంత తరచుగా మారుతుంది? రేపు దీన్ని బాగుచేసేది ఎవరు? పునాది అంశాలు గట్టిగా నేర్చుకుందాం. ఇంటర్వ్యూలో "ఇది ఎందుకు వాడలేదు?" అని అడిగితే కారణం చెప్పగలగడం కూడా విద్యే.