ఇల్లు చూసే ముందు ఇచ్చేవారి హక్కు చూడండి

ఖరగ్‌పూర్ విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కుకి పని మీద వెళ్ళే మనవాళ్ళకి ఇల్లు కావలసింది సాధారణంగా మూడు నెలలకో ఆరు నెలలకో. మెషీన్లు బిగించడానికి వెళ్ళే ఫిట్టర్లు, వెల్డర్లు, కాంట్రాక్టు సూపర్‌వైజర్లు, అప్రెంటిస్‌గా చేరే డిప్లొమా కుర్రాళ్ళు ఏడాది అద్దెకి కట్టుబడలేరు. లాడ్జీలో నెలల తరబడి ఉంటే వచ్చిన జీతం దానికే సరి. పార్కులో చూద్దామంటే అక్కడి స్థలాలు పశ్చిమ బెంగాల్ పారిశ్రామికాభివృద్ధి సంస్థ ఫ్యాక్టరీల కోసం ఇచ్చినవి. టాటా హిటాచీ లాంటి కంపెనీలో డ్యూటీ దిగిన మనిషి పడుకోవడానికి ఊళ్ళోకి రావాల్సిందే. ఇందా, మలంచా, ప్రేమ్‌బజార్, తల్‌బగీచా, నింపురా అంటూ వీధులు తిరగాల్సిందే.

ఆ వీధుల్లో తెలుగు వినపడుతుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే అక్కడ జంక్షనూ వర్క్‌షాపూ కట్టిన కాలం నుంచి, అంటే వందేళ్ళకు పైగా, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు కుటుంబాలు ఆ ఊళ్ళో స్థిరపడ్డాయి. 2020 డిసెంబరులో బెంగాల్ మంత్రివర్గం తెలుగుకి అధికార భాషగా గుర్తింపు ఇవ్వడానికి కారణం కూడా ముఖ్యంగా ఆ ఊరి తెలుగువాళ్ళే. కాబట్టి పలాసలోనో శ్రీకాకుళం రోడ్డులోనో రైలెక్కే ముందు మన మనిషి చేసే మొదటి పని, అక్కడున్న తెలుగువాళ్ళెవరికో ఫోన్ చేయడం. అందులో తప్పేమీ లేదు. పరాయి ఊళ్ళో అంతకన్నా పెద్ద అండ ఉండదు. కానీ ఆ ఫోన్‌లో వచ్చే ఒక సలహా గురించి మాత్రం గట్టిగా హెచ్చరించాలి.

"మా క్వార్టర్లో ఒక గది ఖాళీగా ఉంది, వచ్చేయండి. అద్దె కూడా తక్కువే."

రైల్వే క్వార్టరు ఉద్యోగి సొంత ఇల్లు కాదు. ఉద్యోగం ఉన్నంతకాలం ఉండమని రైల్వే కేటాయించిన నివాసం. 1966 నాటి రైల్వే సర్వీసుల ప్రవర్తన నియమావళిలో 15-ఎ నియమం, క్వార్టరుని వేరేవాళ్ళకి అద్దెకివ్వకూడదని చెబుతుంది. ఇచ్చిన ఉద్యోగి మీద క్రమశిక్షణ చర్య ఉంటుంది, కేటాయింపు రద్దు కావచ్చు, నష్టపరిహారపు అద్దె జీతంలోంచి కోయవచ్చు. అది ఆయన బాధ. మీ బాధ వేరే చట్టంలో ఉంది. 1971 నాటి ప్రభుత్వ ఆవరణల చట్టం ప్రకారం అక్కడ మీరు అనధికార నివాసి. నెలనెలా అద్దె కడుతున్నా, ఫోన్‌పే రికార్డు చూపించినా అద్దెదారు హోదా రాదు. ఎస్టేట్ ఆఫీసరు నోటీసు ఇచ్చి, మీ జవాబు విని, ఖాళీ చేయమని ఆర్డరు ఇస్తారు. దాని మీద జిల్లా జడ్జికి అప్పీలు చేసుకోవడానికి గడువు 12 రోజులే. మామూలు సివిల్ కోర్టుకి వెళ్ళడానికి ఆ చట్టంలోని 15వ సెక్షన్ అడ్డుపడుతుంది. రాష్ట్ర అద్దె చట్టపు రక్షణ అక్కడికి రాదు. ఇచ్చిన అడ్వాన్సు తిరిగి రాబట్టుకోవాలన్నా, చేయకూడని ఒప్పందం చేసుకున్న ఇద్దరిలో మీరూ ఒకరవుతారు కాబట్టి కోర్టు సాయం దొరకడం కష్టం.

పిలిచిన మనిషి మంచివాడే కావచ్చు, మనసులో మోసం లేకపోవచ్చు. అయినా తనది కానిదాన్ని ఆయన మీకు ఇవ్వలేడు. అందుకే గది గాలీ వెలుతురూ చూసేకన్నా ముందు, ఇచ్చేవారికి ఇచ్చే అధికారం ఉందా అని చూడమంటున్నాను. ఉద్యోగి ఇంటికి చుట్టంగా నాలుగు రోజులు వెళ్ళడం వేరు, అద్దె కట్టి కాపురం పెట్టడం వేరు. ఒక సులువైన గుర్తు ఉంది. మీ పేరు, ఆధార్ నకలు పోలీసు ఠాణాలో ఇస్తానని ఇంటాయన ముందుకొస్తున్నాడా, లేక "అవన్నీ ఎందుకులే" అంటున్నాడా? రెండోది అయితే ఆ గది వద్దు.

ప్రైవేటు ఇల్లయితే అధికారం చూసుకోవడం పెద్ద పనేం కాదు. మున్సిపాలిటీ హోల్డింగ్ ట్యాక్స్ రశీదు అడగండి, దాని మీద యజమాని పేరూ హోల్డింగ్ నంబరూ ఉంటాయి. భూమి పర్చా (హక్కుల రికార్డు) వివరాలు రాష్ట్ర ప్రభుత్వపు బంగ్లార్‌భూమి వెబ్‌సైటులో చూడవచ్చు. కరెంటు బిల్లు మీద పేరు ఈ రెండింటితో సరిపోతే చాలావరకు నిశ్చింత. ఇల్లు తండ్రి పేరున ఉండి కొడుకు అద్దెకిస్తుంటే తండ్రి సంతకం కూడా తీసుకోండి. తానే అద్దెకుంటూ మీకు ఒక గది ఇస్తున్నవాళ్ళయితే, అసలు యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా చేరవద్దు.

ఇక కాగితం. మూడు నెలలకి అగ్రిమెంటు ఎందుకనే మాట అందరూ అంటారు. రాత లేకపోయినా చట్టం మిమ్మల్ని పూర్తిగా వదిలేయదు. ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు ఇంటి అద్దె నెలనెలా సాగేదే. ఖాళీ చేయించాలంటే యజమాని, ఖాళీ చేయాలంటే మీరు, రాతపూర్వకంగా 15 రోజుల నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన రోజు నుంచి లెక్క. ఇదిగాక బెంగాల్లో 1997 నాటి ఆవరణల అద్దె చట్టం ఉంది, 2001 నుంచి అమల్లో ఉంది. అద్దె ఒక పరిమితి దాటిన ఇళ్ళు దాని కిందికి రావు. నివాసానికి ఆ పరిమితి కలకత్తా, హౌరాల్లో నెలకి 6,500 రూపాయలు, మిగతా ఊళ్ళలో ఇంకా తక్కువ. అంటే ఖరగ్‌పూర్‌లో ఇప్పటి అద్దెలకి చాలా ఇళ్ళు ఆ చట్టం బయటే ఉంటాయి. అప్పుడు మీకు దిక్కు ఆస్తి బదిలీ చట్టమూ, మీరు రాయించుకున్న కాగితమూ. రెండు నెలల అద్దెకి మించి డిపాజిట్ అడగకూడదని విన్నామని కొందరంటారు. అది 2021లో కేంద్రం తయారుచేసిన నమూనా చట్టంలోని మాట. రాష్ట్రం తన శాసనసభలో చట్టం చేసుకుంటే తప్ప నమూనా చూపించి వాదించలేరు.

ఏడాది దాటిన లీజుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అందుకే పదకొండు నెలల అగ్రిమెంట్లు పుట్టాయి. మీకు అవసరమైనది అంతకన్నా తక్కువే కాబట్టి స్టాంపు కాగితం మీద రాసుకుని ఇద్దరు సాక్షులతో సంతకాలు చేయించుకుంటే చాలు. కాగితం బెంగాలీలో ఉంటే చదివి అర్థం చెప్పగలిగినవాళ్ళు పక్కన లేకుండా సంతకం పెట్టకండి. ఇంగ్లీషులో రాయమని అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు.

ఆ కాగితం మీద "లీజు" బదులు "లీవ్ అండ్ లైసెన్స్" అని ఉండవచ్చు. లైసెన్స్ అంటే ఉండటానికి అనుమతి మాత్రమే, ఇంటి మీద హక్కేమీ రాదు. అయితే పేరు పెట్టినంత మాత్రాన అయిపోదు. 1959లో సుప్రీంకోర్టు ఢిల్లీ ఇంపీరియల్ హోటల్ కేసు విన్నది. హోటల్లోని గదుల్లో కపూర్ అనే ఆయన క్షౌరశాల నడుపుకునేవారు. పత్రంలో లైసెన్స్ అని ఉంది. కోర్టు పత్రం పేరు పక్కనపెట్టి, గదులు పూర్తిగా ఎవరి స్వాధీనంలో ఉన్నాయో చూసి, అది లీజేనంది. మీ గదికి మీ తాళమే ఉండి, యజమాని మీ అనుమతి లేకుండా లోపలికి రాని పరిస్థితి ఉంటే, ఈ తీర్పు మీ వైపు మాట్లాడుతుంది. నిజంగానే లైసెన్స్ అయినా మీరు నిస్సహాయులు కారు. డబ్బు తీసుకుని, మీ తప్పేమీ లేకుండా గడువుకి ముందే పొమ్మంటే పరిహారం అడగవచ్చు.

షిఫ్టు ముగించుకుని వచ్చేసరికి గదికి కొత్త తాళం వేసి ఉంటే? ఎవరితోనూ చెయ్యి చేసుకోకండి, తాళం పగలగొట్టకండి. తాళం ఫొటో తీసి, ఠాణాలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఖరగ్‌పూర్‌లో టౌన్ ఠాణా ఒకటి, లోకల్ ఠాణా ఒకటి ఉన్నాయి. ఏ వీధి ఎవరి కిందికొస్తుందో తెలియకపోయినా ఫర్వాలేదు, నేరం జరిగిందని చెబితే పరిధి సాకుతో ఫిర్యాదు నిరాకరించకూడదని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతుంది. స్వాధీనం తిరిగి కావాలంటే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేయాలి. చట్టప్రకారం కాకుండా బలవంతంగా వెళ్ళగొట్టారా లేదా అన్నదే అందులో ప్రశ్న, ఇల్లెవరిదన్న గొడవ రాదు. ఈ దావా ప్రభుత్వం మీద వేయడానికి వీల్లేదు. క్వార్టరులో ఉన్నవాళ్ళకి ఈ తలుపు కూడా మూసుకుపోయినట్టే.

కోర్టు దాకా వెళ్ళని గొడవలే ఎక్కువ, అవన్నీ అడ్వాన్సు దగ్గరే వస్తాయి. రశీదు మీద ఈ మాత్రం రాయించండి: "ఫలానా తేదీన, ఫలానా హోల్డింగ్ నంబరు ఇంటి మేడ మీద గది కోసం ఇన్ని రూపాయలు అడ్వాన్సుగా ముట్టాయి. గది ఖాళీ చేసిన రోజునే, ఆనాటి మీటరు రీడింగు ప్రకారం కరెంటు సొమ్ము మినహాయించుకుని, మిగిలింది తిరిగి ఇస్తాను." మీటరు మాట ఎందుకంటే, అక్కడ రాష్ట్ర విద్యుత్ పంపిణీ సంస్థ ఇళ్ళకి బిల్లు మూడు నెలలకొకసారి ఇస్తుంది. రెండు నెలలుండి వెళ్ళేవాళ్ళకి బిల్లు వాళ్ళు వెళ్ళాక వస్తుంది. బిల్లు రానీ చూద్దాం అంటూ అడ్వాన్సు ఆగిపోతుంది, ఆ తరవాత ఫోన్ ఎత్తరు. చేరిన రోజున సబ్‌మీటరు అంకెలు కనబడేలా ఫొటో తీసి యజమానికి వాట్సాప్ చేయండి. వదిలే రోజున మళ్ళీ అదే పని చేయండి. పగిలిన కిటికీ అద్దం, కారుతున్న కొళాయి, గోడ మీద చెమ్మ కూడా మొదటి రోజే ఫొటోలో ఉండాలి. అద్దె నగదుగా ఇవ్వాల్సి వస్తే ప్రతి నెలా రశీదు తీసుకోండి.

గెస్ట్‌హౌసు, పీజీ, యాప్‌లో బుక్ చేసే సర్వీస్ అపార్ట్‌మెంటు అయితే మీ చేతిలో ఇంకో మంచి ఆయుధం ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో సేవ అనే మాట కింద భోజన వసతులు పేరుపెట్టి ఉన్నాయి. ఫొటోలో ఏసీ గది చూపించి అక్కడ రేకుల షెడ్డు ఇస్తే అది సేవాలోపం. కేసు వేయడానికి బెంగాల్ వెళ్ళక్కర్లేదు, మీరు నివాసం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. శ్రీకాకుళం మనిషి శ్రీకాకుళంలోనే ఈ-జాగృతి పోర్టల్ ద్వారా దాఖలు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపయితే ఫీజు లేదు, గడువు రెండేళ్ళు. ముందుగా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, చాలా వివాదాలు అక్కడే తేలతాయి. యాప్ కంపెనీ మీ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఇది 2020 నాటి ఈ-కామర్స్ నియమం. ఒక రేటు చూపించి, డబ్బు కట్టే ముందు క్లీనింగ్ ఛార్జీ అని, ఇంకోటని కలపడం 2023 నవంబరు మార్గదర్శకాల ప్రకారం నిషిద్ధం. స్క్రీన్‌షాట్ దాచుకోండి.

పీజీలవాళ్ళు జీఎస్టీ పేరు చెప్పి అదనంగా అడిగినప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోండి. మనిషికి నెలకి 20,000 రూపాయలు మించకుండా, కనీసం 90 రోజులు వరసగా ఉండేలా ఇచ్చే వసతికి 2024 జులై 15 నుంచి జీఎస్టీ మినహాయింపు ఉంది. మూడు నెలల పని మీద వెళ్ళేవాళ్ళకి సరిగ్గా సరిపోయే మినహాయింపు ఇది, అడిగితేనే దొరుకుతుంది.

ఇల్లు చూడకుండా మాత్రం పైసా పంపవద్దు. సైన్యంలో అధికారినని చెప్పి ఐడీ కార్డు ఫొటో పంపి, తాళం చూపించడానికి "గేట్‌పాస్ డిపాజిట్" అడిగే మోసం దేశమంతా ఉంది. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పని ఎన్నడూ లేదు. మోసపోయారని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. సొమ్ము ఇంకో ఖాతాలోకి మారేలోపు ఆపగలిగితేనే తిరిగి వస్తుంది. గది కోసం ఇచ్చే ఆధార్ కూడా మొదటి ఎనిమిది అంకెలు దాచిన మాస్క్‌డ్ ఆధార్ అయితే మంచిది.

కాంట్రాక్టరు తీసుకెళ్ళే కార్మికులు ఇల్లు వెతికే ముందే ఆయన్ని వసతి సంగతి నిలదీయాలి. వలస కార్మికుల కోసం 1979లో వచ్చిన చట్టం వసతి బాధ్యత కాంట్రాక్టరు మీదే పెట్టింది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది. ఈ కోడ్ కింద నియామక పత్రం ఇవ్వడం పని ఇచ్చే యజమాని విధి. గది ఎవరిస్తారు, అద్దె ఎవరు కడతారు, జీతంలోంచి కోస్తారా అన్నది ఆ పత్రంలోనే రాయించుకోండి, నోటిమాటతో రైలెక్కవద్దు.

వకీలుకి డబ్బు లేదని ఆగిపోకండి. పారిశ్రామిక కార్మికులకి, మహిళలకి, ఎస్సీ, ఎస్టీలకి 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ఉచిత న్యాయసహాయం ఇస్తోంది. పశ్చిమ మేదినీపూర్ జిల్లా న్యాయసేవాధికార సంస్థ మేదినీపూర్‌లో ఉంది, ఖరగ్‌పూర్ నుంచి కంసావతి నది దాటితే అదే ఊరు. న్యాయసహాయ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. రాయడం రానివాళ్ళు నోటితో చెప్పుకున్నా అర్జీగా తీసుకోవాలని నిబంధన ఉంది. వెళ్ళేటప్పుడు అద్దె రశీదులు, మీటరు ఫొటోలు, వాట్సాప్ సందేశాల ప్రింట్లు చేతిలో పట్టుకెళ్ళండి.